మాంటేన్ ఉద్యోగం మానేసిన కథ: పోయినసారి నేను చెప్పకుండా వదిలేసిన సగం

ఈ రోజు కూడా పుస్తకం గురించే మాట్లాడుకుందాం. కాకపోతే ముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. అది చెప్పకుండా పుస్తకంలోకి వెళ్తే బాగోదు.

పోయిన ఏడాది జూన్‌లో ఒక వీడియో చేశాను, చాలామంది చూసే ఉంటారు. తొమ్మిది నిమిషాలది. 38 ఏళ్లకే ఉద్యోగం వదిలేసి, ఒక టవర్‌లో పుస్తకాల మధ్య కూర్చుని, ప్రపంచంలో కొత్త రకం రచననే కనిపెట్టిన ఫ్రెంచ్ ఆయన కథ. పేరు మిషెల్ ద మాంటేన్. స్పెల్లింగ్‌లో మధ్యలో ఒక జీ ఉంటుంది, పలకరు. ఆ వీడియోలో చివరికి నేను ఏమన్నానంటే, ఆయన అప్పుడు మానేశాడు, నేను రెండేళ్ల కిందట మానేశా, మీరు ఎప్పుడు మానేస్తున్నారు అని. వెనకాల మ్యూజిక్ కూడా పెట్టా. నా ఛానెల్‌లో అంతకు ముందు ఏ వీడియోకీ అన్ని వ్యూస్ రాలేదు.

ఆ వీడియో చేసేనాటికి నేను మాంటేన్‌ని ఎంత చదివానో తెలుసా? సున్నా. రెండు వెబ్‌పేజీలు, ఒక ఇంగ్లీష్ వీడియో, అంతే. స్క్రిప్ట్ ఒక్క సాయంత్రంలో రాసేశా.

ఫిబ్రవరిలో మా పిన్ని ఫోన్ చేసింది. పిన్ని వాళ్లది తణుకు. బాబాయ్‌ది చిన్న ఎలక్ట్రికల్ షాపు. వాళ్ల అబ్బాయి, అంటే నాకు తమ్ముడు, హైదరాబాద్‌లోనే ఒక సర్వీస్ కంపెనీలో చేసేవాడు. బీటెక్ అయ్యాక రెండున్నరేళ్లు చేశాడు. ఆగస్టులో పేపర్లు పెట్టేశాడని నాకు తెలుసు. వేరే ఆఫర్ ఉందేమో అనుకున్నా. లేదు. ఫిబ్రవరికి ఆరు నెలలైంది, ఏమీ లేదు. వాళ్ల అక్క పెళ్లికి చేసిన అప్పుకి నెలకి పన్నెండు వేలు వాడే కట్టేవాడు. ఇప్పుడు బాబాయ్ కడుతున్నాడు, షాపులో సరుకు తగ్గించుకుని మరీ.

పిన్ని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నాన్నా, నువ్వేదో వీడియోలో చెప్పావంట కదా, మానేస్తే మంచిదని. వాడు నాకు చూపించాడు. నువ్వు చదువుకున్నవాడివి, తెలిసే చెప్పుంటావులే" అంది. ఆ "తెలిసే చెప్పుంటావులే" అనేది ఉంది చూశారూ, అది ఇప్పటికీ లోపల తిరుగుతోంది.

ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని, ఆ వీడియో ఓపెన్ చేసి, డిలీట్ దాకా వెళ్లడం. నొక్కలేదు. వ్యూస్ కోసమే ఆగాను, అబద్ధం ఎందుకు. కానీ ఆ రాత్రి అనిపించింది, అసలు ఈ మనిషి ఏం రాశాడో చదువుదాం, కనీసం తప్పు ఎక్కడ చేశానో తెలుస్తుంది కదా అని.

చదవడం మొదట ఫోన్‌లోనే. గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగా ఉంది, చార్లెస్ కాటన్ అనే ఆయన చేసిన ఇంగ్లీష్ అనువాదం. 1680లలో చేసింది, కాబట్టి మూడు వందల ఏళ్లు దాటిన ఇంగ్లీష్. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో ఒక పేజీన్నర అయ్యేది. వారం కష్టపడి, తర్వాత స్క్రీచ్ అనే ఆయన 1991లో తెచ్చిన అనువాదం కొన్నాను. ఇటుకలా ఉంటుంది. మొత్తం 107 వ్యాసాలు, మూడు భాగాలు. అన్నీ చదివానని చెప్పను. ఈసారి ఎంత చదివానో అంతే చెప్తా: డెబ్బై పైన. పెద్దది ఒకటుంది, రెండో భాగంలో, రేమండ్ సెబాండ్ గురించి. అందులో సగంలో ఆగిపోయా.

వ్యాసం అంటే మనకి ఏం గుర్తొస్తుంది? టెన్త్‌లో తెలుగు సెకండ్ పేపర్. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు. విద్యార్థులు, క్రమశిక్షణ. ముగింపులో కచ్చితంగా "కావున మనమందరం". ఫ్రెంచ్‌లో ఎస్సే అనే మాటకి అసలు అర్థం అది కాదు. ప్రయత్నం, పరీక్ష, ట్రయల్ వేసి చూడటం. ఈయనే ఆ మాటని పుస్తకానికి పేరుగా పెట్టాడు, 1580లో. ఆ ప్రయత్నమే తర్వాత ఇంగ్లీష్‌లోకి వెళ్లింది, బేకన్, ఆ తర్వాత అడిసన్ స్పెక్టేటర్. మన పానుగంటి లక్ష్మీనరసింహారావు గారు సాక్షి వ్యాసాలు రాయడానికి స్ఫూర్తి ఆ స్పెక్టేటరే. అంటే దూరపు చుట్టరికం ఉంది. మధ్యలో ఎక్కడో "కావున మనమందరం" దూరింది.

సరే, ఆయన కథకి వద్దాం. పోయినసారి నేను చెప్పింది సగం. మిగతా సగం ఇప్పుడు.

1533 ఫిబ్రవరి 28న పుట్టాడు, ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి కొంచెం దూరంలో ఉన్న వాళ్ల ఎస్టేట్‌లో. వాళ్ల ముత్తాత రామోన్ ఎకెమ్ వ్యాపారి. ఉప్పు చేపలు, వైను, రంగులద్దే సరుకు అమ్మి, 1477లో ఆ ఎస్టేట్ కొన్నాడు. వాళ్ల నాన్న పియెర్‌కి చదువంటే పిచ్చి. కొడుకుని ఎలా పెంచాడంటే, ఫ్రెంచ్ రాని ఒక జర్మన్ టీచర్ని పెట్టి, ఇంట్లో అందరూ, పనివాళ్లతో సహా, పిల్లాడితో లాటిన్‌లోనే మాట్లాడాలని రూల్ పెట్టాడు. అంటే ఆరేళ్లు వచ్చేదాకా మాంటేన్ మాతృభాష లాటిన్. మన దగ్గర ఇంట్లో మమ్మీ, డాడీ అని పిలిపించడానికే ఇంత హడావుడి చేస్తాం. ఆయన ఊళ్లోనే ఎవ్వరూ మాట్లాడని భాషని ఇంటి భాష చేసేశాడు.

తర్వాత బోర్డో పార్లమాలో ఉద్యోగం. పార్లమా అంటే చట్టసభ కాదు, హైకోర్టు లాంటిది. 1557 నుంచి అక్కడ. ఫైళ్లు చదివి, కేసు సారాంశం రాసి పై జడ్జీలకి ఇచ్చే రకం పని చాలా ఉండేది. నాకు అది చదివినప్పుడు నా టికెట్ క్యూ గుర్తొచ్చింది, చెప్పొద్దూ.

పోయిన వీడియోలో నేనేమన్నాను? జ్ఞానం కోసం ఉద్యోగం వదిలేశాడు అని. అంతకన్నా సంగతి ఉంది. 1569లో ఆయన పై బెంచీకి వెళ్లాలని అడిగాడు. మనలో చెప్పాలంటే ప్రమోషన్. ఇవ్వలేదు. అక్కడ అప్పటికే వాళ్ల మామగారు, దగ్గర బంధువులు ఉన్నారు, కుదరదు అన్నారు. మరుసటి ఏడాది పోస్టు వదులుకున్నాడు. వదులుకోవడం అంటే ఊరికే కాదు. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో ఇలాంటి పోస్టులు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు. ఈయన తన పోస్టు అమ్మేశాడు. రిజైన్ చేస్తే ఎదురు డబ్బులొచ్చాయన్నమాట.

దానికి రెండేళ్ల ముందు, 1568లో, వాళ్ల నాన్న పోయాడు. పెద్ద కొడుకు కాబట్టి ఎస్టేట్ ఈయన చేతికి వచ్చింది. ద్రాక్షతోటలు, కౌళ్లు, ఇల్లు, పనివాళ్లు. లెక్కలు తనకి రావని, పొలంలో పెరిగేది ఏ గింజో కూడా గుర్తుపట్టలేనని ఆయనే రాసుకున్నాడు. అయినా ఇల్లు నడిచింది.

అప్పుడు, 1571 ఫిబ్రవరి 28న, తన 38వ పుట్టినరోజున, లైబ్రరీ పక్క గదిలో గోడమీద లాటిన్‌లో రాయించాడు, కోర్టుల చాకిరీతో విసిగిపోయాను, మిగిలిన జీవితం ఇక్కడ ప్రశాంతంగా గడుపుతాను అనే అర్థం వచ్చేలా. టవర్ మూడంతస్తులు. కింద చిన్న చర్చి, మధ్యలో పడకగది, పైన లైబ్రరీ. వెయ్యి పుస్తకాల దాకా. పైకప్పు దూలాల మీద గ్రీకు, లాటిన్ వాక్యాలు రాయించాడు. టవర్ ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడొచ్చు.

నా వీడియో ఇక్కడికి మ్యూజిక్‌తో ఆగిపోయింది. ఏం వదిలేశానో చూడండి. టవర్ ముందు నుంచే ఉంది! ఉద్యోగం మానేశాక కట్టుకున్నది కాదు, మానేయడానికి వీలిచ్చినదే అది.

ఇప్పుడు నా టవర్ సంగతి. ఇది ఎప్పుడూ చెప్పలేదు. నేను మానేసినప్పుడు నా అకౌంట్‌లో పద్నాలుగు నెలలకి సరిపడా డబ్బుంది. మా నాన్న రిటైర్డ్ టీచర్, పెన్షన్ వస్తుంది. ఇల్లు సొంతం, అప్పు లేదు. నేను ఇంటికి పంపాల్సింది సున్నా. మొదటి ఏడాది మా అమ్మ నెలకోసారి పచ్చళ్లు, బియ్యం పంపించింది, రెంట్‌లో సగం నా రూమ్మేట్ కట్టాడు. పైగా మానేయడానికి ముందు నాకు ఆ ఏడాది రేటింగ్ సరిగా రాలేదు, ఆ కోపం ఉంది. వీడియోలో మాత్రం ప్యాషన్ అన్నా. కోపాన్ని, నాన్న పెన్షన్‌ని తీసేసి మిగిలినదానికి ప్యాషన్ అని పేరు పెట్టా.

ఇంకో సంగతి. మానేశాక ఆయన ప్రశాంతంగా లేడు. మొదటి భాగంలో పని లేకుండా ఉండటం గురించి ఒక చిన్న వ్యాసం ఉంది, రెండు పేజీలు కూడా ఉండదు. మనసుకి ఖాళీ ఇస్తే అదే కుదురుకుంటుందని అనుకున్నాడట. కానీ అది పగ్గం తెంచుకున్న గుర్రంలా అడ్డదిడ్డంగా పరుగెత్తింది, తలాతోకా లేని ఊహలన్నీ పుట్టించింది. వాటిని కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాడు, ఎప్పటికైనా చూసుకుని నా మనసే సిగ్గుపడుతుందని. ఎస్సే అనేది పుట్టింది ఇలా. నేను చెప్పినట్టు ప్యాషన్‌లోంచి కాదు, ఉద్యోగం మానేసిన మనిషికి పిచ్చెక్కబోతుంటే!

ఇది చదివి పుస్తకం పక్కన పెట్టేశా కాసేపు. ఎందుకంటే నా మొదటి నాలుగు నెలలు అచ్చం అలాగే ఉన్నాయి. పొద్దున పదకొండింటికి లేవడం, ఫోన్, మళ్లీ ఫోన్, రాత్రి రెండింటికి కెమెరా కొందామా అని రివ్యూలు చూడటం. అదీ నా వీడియోలో లేదు.

ఇంకా ఉంది. 1581లో ఇటలీలో, లూక్కా దగ్గర వేడినీటి బుగ్గల్లో స్నానాలు చేస్తున్నాడు, కిడ్నీలో రాళ్లకి వైద్యంగా. అక్కడికి కబురొచ్చింది: బోర్డో మేయర్‌గా ఎన్నుకున్నాం, రండి. ముందు వద్దన్నాడు. రాజు ఉత్తరం రాశాడు, రావలసిందే అని. వెళ్లి నాలుగేళ్లు చేశాడు, రెండు టర్ములు. దేశంలో కాథలిక్‌లు, ప్రొటెస్టెంట్‌లు ఒకరినొకరు చంపుకుంటున్న రోజులు. అంటే మిగిలిన జీవితమంతా టవర్‌లోనే అని గోడమీద రాయించిన మనిషి, పదేళ్లకి మళ్లీ డ్యూటీలో చేరాడు. గోడమీద రాత మాత్రం అలాగే ఉంది. చెరిపించలేదు.

అసలు నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నది ఈ చెరిపించకపోవడం గురించే. కొంచెం నెమ్మదిగా చెప్తా.

1580లో మొదటి రెండు భాగాలు అచ్చయ్యాయి. 1588లో మూడో భాగం కలిపి కొత్త ఎడిషన్ తెచ్చాడు. పాత వ్యాసాల్లో వందల చోట్ల కొత్త మాటలు చేర్చాడు. అక్కడితో ఆగలేదు. ఆ 1588 ప్రతి ఒకటి తీసుకుని, 1592లో చనిపోయేదాకా మార్జిన్‌లలో రాస్తూనే ఉన్నాడు. ఆ ప్రతి ఇప్పటికీ బోర్డో లైబ్రరీలో ఉంది. ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, చూడండి. కొన్ని పేజీల్లో అచ్చు చుట్టూ నాలుగు వైపులా చేతిరాత, ఎక్కడా ఖాళీ లేదు. మా టీమ్‌లో కోడ్ రివ్యూ అయ్యాక నా ఫైల్ అలాగే ఉండేది.

ఇప్పటి ఎడిషన్‌లలో ఈ పొరలకి ఏ, బీ, సీ అని గుర్తులు పెడతారు. ఏ అంటే 1580, బీ అంటే 1588, సీ అంటే ఆ తర్వాత చేతిరాత. ఒక్క పేరాలో మూడూ ఉంటాయి. గిట్ వాడిన వాళ్లకి వెంటనే అర్థమవుతుంది, ఇది కమిట్ హిస్టరీ. తను చేరుస్తాను గానీ దిద్దను అని ఆయనే అన్నాడు. చిన్న చిన్న దిద్దుబాట్లు ఉన్నాయనుకోండి, కానీ అభిప్రాయం మారిందని పాతది పీకేయడం చాలావరకు లేదు.

చావు గురించి ఆయన రాసినది తీసుకుంటే ఇది బాగా తెలుస్తుంది. మొదటి భాగంలో ఒక పేరున్న వ్యాసం, తత్వం నేర్చుకోవడం అంటే చావడం నేర్చుకోవడం అని. దాంట్లో సారాంశం, చావుని రోజూ తలుచుకోవాలి, ప్రతి క్షణం ఎదురు చూడాలి, అప్పుడు భయం పోతుంది. చాలా గట్టిగా రాశాడు. ఇన్‌స్టాలో తెల్ల విగ్రహం బొమ్మ పెట్టి తిరిగే స్టోయిక్ రీల్స్ ఉంటాయి కదా, ఆ టైపు.

రెండో భాగంలో ఒక యాక్సిడెంట్ ఉంది. గుర్రం మీద ఇంటికి దగ్గర్లోనే వస్తున్నాడు. వాళ్ల మనిషే ఒకడు, భారీ మనిషి, భారీ గుర్రం, మన దగ్గర బుల్లెట్ వేసుకుని షో చేసేవాడిలాగా, దూకుడుగా వచ్చి గుద్దేశాడు. ఈయన ఎగిరి పది పన్నెండు అడుగుల అవతల పడ్డాడు. కత్తి ఇంకెక్కడో. చనిపోయాడనే అనుకుని మోసుకొచ్చారు. చాలాసేపటికి కదిలి, రక్తం కక్కాడు. చూసేవాళ్లకి నరకం. బట్టలు గోళ్లతో పీక్కుంటున్నాడు. కానీ లోపల ఆయనకి ఏమనిపించిందంటే హాయిగా, నిద్రలోకి జారుతున్నట్టు. ఆ స్థితిలో కూడా, వాళ్లావిడ రాళ్లదారిలో తడబడుతూ ఎదురు రావడం చూసి, ఆమెకి గుర్రం తెప్పించండి అన్నాడట. తర్వాత ఆయనకేం గుర్తులేదు. తను ఆలోచించి అన్న మాట కాదది, కళ్లు చెవులు వాటంతట అవే చేసిన పని అంటాడు. నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలైంది, అప్పుడు నిజంగా చస్తాననుకున్నాడు.

మూడో భాగానికి వచ్చేసరికి ప్లేగు. 1585లో, మేయర్ పదవి ముగిసే నెలల్లో, బోర్డోలో ప్లేగు వచ్చింది. చివరి రోజుల్లో పదవి అప్పగించడానికి కూడా నగరంలోకి వెళ్లలేదు. దాని మీద తర్వాత వాళ్లు తిట్టారు కూడా, పిరికివాడని. ప్లేగు వాళ్ల ఊరికీ వచ్చింది. కుటుంబాన్ని వెంటేసుకుని ఆరు నెలలు ఊళ్లు తిరిగాడు. ఎవరికైనా వేలు నొప్పి అన్నా అందరూ దూరం జరిగేవాళ్లట. 2020 చూసినవాళ్లం మనం, ఇది వివరించక్కర్లేదు.

అప్పుడు ఆయన చూసింది తన పొలాల్లో పనిచేసే మనుషుల్ని. ద్రాక్షలు కోసేవాళ్లు లేక తీగలకే ఉన్నాయి. ఆ మనుషులు ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకున్నారు. కొందరు ప్రాణం ఉండగానే అందులో పడుకున్నారు. ఆయన కూలీ ఒకడు చనిపోతూ, తన మీదకి తనే చేతులతో, కాళ్లతో మట్టి లాక్కున్నాడు. వాళ్లలో ఎవరూ తత్వశాస్త్రం చదవలేదు. చావుని రోజూ ధ్యానించలేదు. అప్పుడాయన రాసింది దాదాపు పూర్తిగా ఉల్టా: చావడం ఎలాగో తెలియకపోయినా పర్లేదు, ఆ సమయానికి ప్రకృతే నేర్పుతుంది, దాని గురించి ఇంత కాలం బుర్ర పాడుచేసుకోవద్దు.

ఇదంతా రాశాక మొదటి వ్యాసం తీసేయాలి కదా? తీయలేదు. రోజూ చావుని తలుచుకోమన్న వ్యాసం అక్కడే ఉంది, దాంట్లో కూడా మార్జిన్‌లో ఇంకొన్ని చేర్చాడు. అదీ నేనే, ఇదీ నేనే. చదివేవాడు రెండూ చూడాలి.

ఇంకో చిన్న సంగతి, నవ్వొస్తుంది. చివరి వ్యాసంలో ముల్లంగి గురించి రాశాడు. ముందు పడేదట, తర్వాత పడలేదట, ఇప్పుడు మళ్లీ పడుతోందట. చావు మీద అభిప్రాయం మారినట్టే ముల్లంగి మీద కూడా మారింది, రెండూ ఒకే పుస్తకంలో రాశాడు.

ఎందుకిలా రాశాడు అని నేను చాలా ఆలోచించా. నాకు అనిపించింది చెప్తా, పండితులు ఏమంటారో పక్కన పెట్టండి. ఆయనకి ఒక స్నేహితుడు ఉండేవాడు, ఎతియెన్ ద లా బొయెసీ, అదే కోర్టులో. 1563లో చనిపోయాడు, 32 ఏళ్లకే. మాంటేన్ పక్కనే ఉన్నాడు. ఆ స్నేహం ఎందుకంత గాఢం అని అడిగితే చెప్పలేనని మొదటి అచ్చులో వదిలేశాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పేజీ మార్జిన్‌లో జవాబు చేర్చాడు, అదీ రెండు విడతలుగా, సగం ఒకసారి, సగం ఇంకోసారి. బోర్డో ప్రతిలో ఇంకు తేడా కనిపిస్తుందట. మాట్లాడటానికి ఉన్న ఒక్క మనిషి పోయాక, ఎదురుగా లేని మనిషితో మాట్లాడటం మొదలుపెట్టాడు. అలాంటి మాటల్లో నిన్న అన్నది వెనక్కి తీసుకోం. "ఒరేయ్, నిన్న అలా అన్నా కదా, ఇంకోటి తోచింది" అంటాం. నేను మాట్లాడేది కూడా ఒక లెన్స్‌తోనే కాబట్టి నాకిలా అనిపించిందేమో, తెలీదు.

సరే, తమ్ముడి దగ్గరికి.

మార్చిలో వాడిని రూమ్‌కి పిలిచా. బిర్యానీ తెప్పించా. నేను ముందే ప్రిపేర్ అయి ఉన్నా, సారీ చెప్పాలని. నా అకౌంట్ సంగతి, నాన్న పెన్షన్ సంగతి, రేటింగ్ సంగతి అన్నీ చెప్పా. వాడు తింటూ విన్నాడు. విని, "అన్నయ్యా, నీ వీడియో చూసి మానేశాననుకుంటున్నావా? అంత సీన్ లేదు" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

వాడు చెప్పింది ఏంటంటే, నైట్ షిఫ్ట్‌లు, మేనేజర్‌తో గొడవ, నడుం నొప్పి, ఇవన్నీ ఏడాదిగా ఉన్నాయి. ఎలాగూ మానేద్దామనే ఉన్నాడు. "ఇంట్లో చెప్పడానికి ఏదో ఒకటి చూపించాలి కదా. నాకు నడుం నొప్పి, మేనేజర్ తిడుతున్నాడు అంటే అమ్మ ఊరుకుంటుందా? నీ వీడియో చూపించా. అన్నయ్య చెప్పాడంటే నమ్ముతారు" అన్నాడు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "కానీ పద్నాలుగు నెలల డబ్బుందని అప్పుడే చెప్పుంటే, నేను నోటీస్ పెట్టే ముందు ఇంకో ఆరు నెలలు ఆగేవాణ్ణి."

మొదటి మాటకి వచ్చిన ఊరట రెండో మాటకి పోయింది.

పాత వీడియో డిలీట్ చేయనా అని వాణ్ణే అడిగా. "చేస్తే మా అమ్మ నేను అబద్ధం చెప్పాననుకుంటుంది" అన్నాడు. ప్రాక్టికల్ మనిషి.

అందుకని ఆ వీడియో అక్కడే ఉంటుంది. మ్యూజిక్‌తో సహా. టైటిల్ కూడా మార్చలేదు. డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్‌గా ఈ ఎపిసోడ్ లింక్ పెడుతున్నా, పిన్ కూడా చేస్తా. నేను మానేసినప్పుడు నా దగ్గర ఎంత ఉంది, నెలకి ఎంత ఖర్చయింది, వీడియోల మీద మొదటి రూపాయి ఎన్నో నెలలో వచ్చింది, ఆ లెక్క కూడా అక్కడే రాసి పెట్టా. పదకొండో నెలలో వచ్చింది, చూసేవాళ్ల కోసం ఇక్కడే చెప్పేస్తున్నా. ఉద్యోగం మానేయొద్దని నేను అనట్లేదు. నేను మానేసినందుకు ఇప్పటికీ బాధ లేదు. రేపు బాధ పడితే అది కూడా వచ్చి చెప్తా, దీన్ని తీయను.

మాంటేన్ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఒక్క మాట: మొదటి పేజీ నుంచి వరసగా వెళ్లకండి, ఆగిపోతారు. ఆ గుర్రం యాక్సిడెంట్ వ్యాసంతో మొదలుపెట్టండి, రెండో భాగంలో ఆరోది. తర్వాత చివరి వ్యాసం, అనుభవం గురించి. అందులో ఆయన తిండి, నిద్ర, తొందరగా తింటూ నాలుక కొరుక్కోవడం, ముల్లంగి, రాళ్ల నొప్పి, అన్నీ ఉంటాయి. లాటిన్ వాక్యాలు వస్తే దాటేయండి, నేనూ అదే చేశా.

తమ్ముడికి ఒక చిన్న కంపెనీలో రెండో రౌండ్ అయింది, రిజల్ట్ రాలేదు ఇంకా. నేను ఆదివారం తణుకు వెళ్తున్నా. పిన్నితో ఫోన్‌లో మాట్లాడా, మొత్తం చెప్పా. "సరేలే నాన్నా, వచ్చేటప్పుడు వాణ్ణి కూడా తీసుకురా" అంది. బాబాయ్‌తో ఇంకా మాట్లాడలేదు. ఆయన వీడియోలు చూడడు. షాపులో కూర్చుని ఎదురుగా చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

ఉంటా మరి. వచ్చే వారం కలుద్దాం.